కొండరాయి లోపలి పచ్చగీత: వెతకడం, తేల్చుకోవడం ఎలా?

"బోడిగా ఉన్న కొండరాయి పెచ్చు ఊడితే లోపల ఆకుపచ్చ చార కనిపించింది. అది ప్రాణమున్నదా, ఖనిజమా?" చాలామంది ఇదే అడుగుతున్నారు, ఫొటో కూడా జతచేస్తున్నారు. ఫొటో చూసి ఎవరూ చెప్పలేరు. రాయి చేతిలో ఉన్నవాళ్లు మాత్రం పెద్ద ల్యాబ్ లేకుండానే చాలావరకు తేల్చుకోవచ్చు. అది ఎలాగో చెబుతాను.

ముందు తెలియాల్సింది కొంచెమే. సైనోబ్యాక్టీరియా (మొక్కల్లా కాంతితో ఆహారం చేసుకునే బ్యాక్టీరియా), ఆకుపచ్చ శైవలాలు (నాచులాంటివి), వాటితో జతకట్టిన శిలీంధ్రాలు (అంటే లైకెన్లు) రాతి లోపల కూడా బతుకుతాయి. కొన్ని రాతి రేణువుల మధ్య ఖాళీల్లో ఉంటాయి, కొన్ని పైకి తెరుచుకున్న పగుళ్లలో ఉంటాయి, కొన్ని సున్నపురాయిని కరిగించి సొంతంగా సొరంగాలు చేసుకుంటాయి. ఇప్పటి ఇటలీలోని దక్షిణ టిరోల్‌లో, డోలమైట్ (సున్నపురాయిని పోలిన రాయి) కొండల్లోని శైవలాల గురించి జర్మన్ వృక్షశాస్త్రవేత్త లుడ్విగ్ డీల్స్ 1914లోనే రాశాడు. అంటార్కిటికా పొడిలోయల ఇసుకరాయిలో సైనోబ్యాక్టీరియా ఉన్నట్టు ఇమ్రే ఫ్రీడ్‌మన్, రోసేలీ ఒకాంపో 1976లో చూపించారు. కాబట్టి మీ కొండలో ఉండటంలో వింతేమీ లేదు.

అసలు కీలకం వెలుతురు. అంటార్కిటికా ఇసుకరాయిలో ఒక్కో మిల్లీమీటరు లోపలికి వెళ్లేకొద్దీ 70 నుంచి 95 శాతం కాంతి తగ్గిపోతుందని కొలిచారు. ఇంకో రాతిలో లెక్క వేరుగా ఉండొచ్చు, తీరు మాత్రం ఇదే. కాంతి మీద బతికే జీవి లోతుకు పోలేదు. అందుకే దాని గీత బయటి ముఖానికి దగ్గరగా, ఆ ముఖం ఎటు వంగితే అటు వంగుతూ సాగుతుంది. ఖనిజానికి ఆ అవసరం లేదు. రాయిని ఎంచుకోవడం, విరిచి చూడటం, కొలవడం ఈ ఒక్క తేడా మీదే నిలబడతాయి.

కావలసినవి

- రాళ్లు కొట్టడానికి చేసిన సుత్తి, చదునైన ఉలి. వడ్రంగి సుత్తి వద్దు, దాని ఉక్కు అంచు చిట్లి ఎగురుతుంది.
- కంటికి రక్షణ అద్దాలు, మందపు చేతితొడుగులు, దుమ్ము మాస్కు
- 10 రెట్లు పెద్దగా చూపే చేతి భూతద్దం
- నీళ్లు చిమ్మే సీసా, చిన్న స్కేలు, పెన్సిల్, కాగితపు కవర్లు
- నీలి ఎల్‌ఈడీ టార్చి, దాని నీలికాంతిని ఆపేసే ఎర్ర ఫిల్టర్ ముక్క
- రంగు కలపని ఐసోప్రోపైల్ ఆల్కహాల్, 90 శాతానికి పైది. 70 శాతం ద్రవం పత్రహరితాన్ని సరిగా లాగదు. చేతులకు రాసుకునే జెల్ అస్సలు పనికిరాదు.
- మూతలున్న చిన్న గాజు సీసాలు మూడు, చిన్న కల్వం
- దొరికితే 400 రెట్లు చూపే మైక్రోస్కోప్. లేకపోయినా ఏడో మెట్టు దాకా పనికి అడ్డం లేదు.

1. తగిన రాయిని ఎంచుకోండి

మీ శ్రమలో సగం ఇక్కడే మిగులుతుంది. లేత రంగు ఇసుకరాయి, సున్నపురాయి, డోలమైట్, జిప్సం అయితే మంచిది. నల్లగా, గట్టిగా, సందులేకుండా ఉండే బసాల్టులో వెతకడం ఆఖరి మాట. గ్రానైట్‌లో రేణువుల మధ్య చోటు తక్కువ కాబట్టి అక్కడ చూడాల్సింది పగుళ్లలో, ఉల్లిపొరల్లా విడిపోయే పెచ్చుల వెనక.

అక్కడికక్కడే రెండు చిన్న పరీక్షలు చేయండి. తాజాగా విరిగిన ముఖం మీద ఒక నీటి చుక్క వేయండి. ఒకటి రెండు నిమిషాల్లో రాయి పీల్చేసుకుంటే లోపల ఖాళీలున్నట్టు. తర్వాత 2 మిల్లీమీటర్ల మందమున్న పెచ్చును టార్చి ముందు పట్టి చూడండి. వెలుతురు కొంచెమైనా అవతలికి వస్తే లోపల వెలుతురు ఉన్నట్టే. చుక్కను లైకెన్ పట్టిన పాత ముఖం మీద వేసి, నీరు జారిపోయిందని రాయిని వదిలేయకండి.

ఏ వైపు చూడాలి? వేడి, పొడి ప్రదేశాల్లో నీడ ఎక్కువగా పడే ముఖం, గడ్డకట్టే చలి ఉన్నచోట ఎండ తగిలే ముఖం. అంటార్కిటికాలో ఇవి దొరికేది ఎక్కువగా ఉత్తరం వైపు వాలుల్లోనే, ఎందుకంటే అక్కడ సూర్యుడు ఉండేది ఆ దిక్కున. ఎప్పుడూ నీరు కారుతుండే చోటు చూడగానే ఆశ పుడుతుంది కానీ, అక్కడ పైనే నాచు దట్టంగా పెరిగి లోపలికి వెలుతురు పోనివ్వదు. అప్పుడప్పుడూ తడిసి, ఆరిపోయి, పైకి ఏమీ లేనట్టు కనిపించే బండే మన బండ.

పైనుంచి కిందికి జారిన నల్లటి చారల గురించి కూడా అడుగుతుంటారు. అవి చాలాచోట్ల సైనోబ్యాక్టీరియావే, కానీ రాతి పైన ఉంటాయి. గట్టి ఎండను తట్టుకోవడానికి వాటి చుట్టూ ముదురు రంగు తొడుగు ఉంటుంది. అదొక వేరే సంగతి, ఈ పనిలో కలపకండి.

2. కొండను కాదు, రాలిన ముక్కను కొట్టండి

అనుమతి లేని చోట, రక్షిత ప్రాంతంలో, పాత చిత్రాలో చెక్కడాలో ఉన్న బండ మీద సుత్తి ఎత్తకండి. అనుమతి ఉన్నా ముందు వెతకాల్సింది కిందపడ్డ పెచ్చుల్లో. కొండచరియ కింద నిలబడి పైకి కొట్టడం, వేలాడే పెచ్చును ఉలితో ఎత్తడం ప్రాణం మీదికి తెస్తాయి.

బొటనవేలంత ముక్క చాలు. అంటార్కిటికా రాళ్లలో ఈ జీవుల కార్బన్ ఒకసారి పూర్తిగా మారడానికి దాదాపు 10,000 ఏళ్లు పడుతుందని అంచనా. తడి, వెచ్చదనం ఉన్న కొండల్లో ఇంత నెమ్మది ఉండదు. అయినా మీరు కొట్టిన చోటు మీ కళ్లముందే మళ్లీ పచ్చబడుతుందని మాత్రం అనుకోవద్దు.

రాలిన ముక్కతో చిక్కు ఒకటుంది. అది పడ్డాక దొర్లి ఉండొచ్చు. ఎప్పుడో పడి కొత్త ముఖం వెలుతురుకు వచ్చినదైతే రెండు వైపులా గీతలుంటాయి. నిన్నా మొన్నా పడిందైతే గీత ఇప్పుడు కింది వైపున ఉండొచ్చు. అందుకని అన్ని ముఖాలూ చూడండి.

3. కొట్టకముందే గుర్తు పెట్టండి

బయటి ముఖం మీద పెన్సిల్‌తో బాణం వేయండి, పై వైపు ఏదో, దిక్కు ఏదో రాయండి. దిక్సూచి చూసేటప్పుడు సుత్తిని దూరంగా పెట్టండి, ఉక్కు పక్కన ఉంటే ముల్లు తప్పు చూపిస్తుంది. స్కేలు పక్కన ఉంచి ఫొటో తీయండి. ముక్కలయ్యాక ఏది బయటి ముఖమో గుర్తుపట్టలేక మొత్తం పనికిరాకుండా పోయిన నమూనాలు అందరి దగ్గరా ఉంటాయి.

4. అడ్డంగా విరగ్గొట్టండి

ఉలిని బయటి ముఖానికి నిలువుగా పెట్టి, పగులు లోపలికి దిగేలా ఒక్క దెబ్బ గట్టిగా కొట్టండి. నాలుగు చిన్న దెబ్బలు కొడితే అంచు పొడి అవుతుంది, ఆ పొడి గీతను కప్పేస్తుంది. పొరలున్న రాయి తన పొర వెంటే విడిపోతానంటుంది. అప్పుడు ముక్కను తిప్పి, పొరలకు అడ్డంగా కొట్టండి.

వీలైతే పొరలు బయటి ముఖానికి ఏటవాలుగా ఉన్న ముక్కను ఎంచుకోండి. పచ్చగీత ఆ పొరలను కోసుకుంటూ బయటి ముఖం వెంట సాగితే సగం తీర్పు అక్కడే వచ్చేసినట్టు. పొర వెంటే సాగితే అనుమానించండి.

కొట్టే ముందు రాయిని కొద్దిగా తడపండి, దుమ్ము లేవదు. ఇసుకరాయి, గ్రానైట్ దుమ్ములో ఉండే సిలికా ఊపిరితిత్తులకు చేటు, ఒకసారి చేరితే బయటికి రాదు. తడిపినా మాస్కు తీయకండి.

రంపంతో కోస్తే నున్నగా వస్తుంది కదా అంటారు. వస్తుంది, కానీ కోతలో వచ్చే బురద ఆకుపచ్చను ముఖమంతా పులిమేస్తుంది, గీత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలియదు. విరిగిన ముఖమే నమ్మదగ్గది.

5. భూతద్దంతో చూసి, కొలిచి, రాసుకోండి

భూతద్దాన్ని కంటికి ఆనించి రాయిని దాని దగ్గరికి తెండి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. మొదట పొడిగా చూడండి, తర్వాత నీళ్లు చిమ్మి పది నిమిషాలు ఆగి మళ్లీ చూడండి. ఎండినప్పుడు బూడిదరంగులో దాక్కున్నది తడవగానే పచ్చగా తేలుతుంది. ఈ మార్పే ఒక మంచి సూచన.

బాగా కుదిరిన ముక్కలో ఏం కనిపిస్తుందంటే: బయట గోధుమరంగు లేదా బూడిదరంగు పెంకు. దాని కింద కొంచెం వెలిసినట్టున్న పట్టీ. ఆ కింద పెన్సిల్‌తో గీసినట్టు సన్నగా, కొన్నిచోట్ల చిక్కబడి కొన్నిచోట్ల తెగుతూ, ఆకుపచ్చ. భూతద్దంలో చూస్తే ఆ రంగు ఇసుక రేణువుల్లో ఉండదు. రేణువులు గాజులా తెల్లగానే ఉంటాయి, వాటి మధ్య సందుల్లో పచ్చదనం ఒదిగి ఉంటుంది. ఈ ఒక్కటి స్పష్టంగా చూడగలిగితే మీ పని చాలా తేలికవుతుంది. అంటార్కిటికా ఇసుకరాయిలో లైకెన్ ఉన్నచోట పైనుంచి నలుపు, తెలుపు, ఆకుపచ్చ పట్టీలు వరసగా ఉంటాయి. ఆ తెలుపు రావడానికి కారణం, రేణువుల మీది ఇనుము సమ్మేళనాలు కరిగి కదిలిపోవడమే. రేణువులను కలిపి ఉంచే బంధం కూడా అలాగే వదులై పెచ్చులూడతాయి. పెచ్చులూడే ఇసుకరాయి కనిపిస్తే ఆగి చూడమనేది అందుకే.

గీత లోతును కనీసం ఐదు చోట్ల కొలిచి రాయండి. ఒకచోట కొలిచి ఊరుకుంటే పనికిరాదు. బయటి ముఖం గుంటపడ్డచోట గీత కూడా లోపలికి దిగిందా? ఉబ్బినచోట పైకి వచ్చిందా? అలా వచ్చి ఉంటే వెలుతురే దాన్ని నడిపిస్తోందని అర్థం.

రంగు నారింజలో ఉంటే కొట్టిపారేయకండి. ట్రెంటిపోలియా అనే ఆకుపచ్చ శైవలం కెరోటినాయిడ్లు అనే రంగు పదార్థాల వల్ల నారింజరంగులో కనిపిస్తుంది. సున్నపురాయిలో పచ్చగీత పైన, బయటి ముఖం మీద సూది గుచ్చినట్టు వరసగా చిన్న గుంటలుంటే లోపల లైకెన్ ఉండొచ్చు. కొన్ని లైకెన్లు శరీరమంతా రాతిలో దాచుకుని, పునరుత్పత్తి భాగాలను మాత్రం ఆ గుంటల్లో ఉంచుతాయి. ఇజ్రాయెల్‌లోని నెగెవ్ ఎడారిలో ఈ లైకెన్ల కోసం సున్నపురాయినే గీరి తినే నత్తలున్నాయి. అవి ఏటా హెక్టారుకు ఇంచుమించు ఒక టన్ను రాతిని అరగదీస్తాయని 1987లో లెక్కకట్టారు.

6. ఆల్కహాల్ పరీక్ష: రంగు పత్రహరితమా, ఖనిజమా?

ఆకుపచ్చగా కనిపించే ఖనిజాలు తక్కువేం కాదు. క్లోరైట్, గ్లాకోనైట్, ఎపిడోట్, సెర్పెంటైన్, మాలకైట్ ఎందరినో బోల్తా కొట్టించాయి. వీటి రంగు ఆల్కహాల్‌లో కరగదు, పత్రహరితం కరుగుతుంది.

మూడు సీసాలు వరసగా పెట్టుకోండి. మొదటి దాంట్లో పచ్చగీత నుంచి గీరిన పొడి వేయండి. రెండో దాంట్లో అదే రాతి నుంచి, గీతకు 3 సెంటీమీటర్ల కింద గీరిన పొడి వేయండి. మూడో దాంట్లో ఏదైనా పచ్చి ఆకు చిన్న ముక్క నలిపి వేయండి. పొడిని కల్వంలో మెత్తగా నూరాకే వేయాలి, కల్వాన్ని ప్రతిసారీ కడగాలి. వరస కూడా ముఖ్యం: ముందు లోపలి రాయి, తర్వాత గీత, చివర ఆకు. ఆకుతో మొదలుపెడితే మిగిలిన రెండింటికీ దాని రంగు అంటుతుంది.

ఒక్కోదాంట్లో 2 మిల్లీలీటర్లకు మించకుండా ఆల్కహాల్ పోయండి. ఉన్న రంగే కొంచెం, ఎక్కువ పోస్తే కనిపించకుండా పలచబడుతుంది. మూత పెట్టి చీకట్లో రాత్రంతా ఉంచండి. సీసాను వెలుతురులో వదిలితే పత్రహరితం వెలిసిపోతుంది. త్వరగా కావాలంటే వేడినీటి గిన్నెలో నిలబెట్టవచ్చు, మంట దరిదాపుల్లో మాత్రం వద్దు, ఆల్కహాల్ ఆవిరి అంటుకుంటుంది.

తెల్లారి పొడి అడుక్కి దిగాక పై ద్రవాన్ని చూడండి.

- గీత సీసాలో లేత పచ్చ, లోపలి రాతి సీసాలో రంగు లేదు: పత్రహరితమే.
- ద్రవం తేటగా ఉంది, అడుగున పొడి మాత్రం పచ్చగానే ఉంది: ఖనిజం అనుకోండి. కానీ తొందరపడకుండా మళ్లీ నూరి మరో రాత్రి ఉంచండి, మందపు తొడుగున్న సైనోబ్యాక్టీరియా రంగును ఆలస్యంగా వదులుతాయి.
- రెండు రాతి సీసాల్లోనూ పచ్చ వచ్చింది: కల్వం కడగలేదు. మళ్లీ చేయండి.
- ముదురు గోధుమ కలిసిన పచ్చ వచ్చింది: పత్రహరితం పాడైంది. జీవులు ఎప్పుడో చనిపోయినవి కావచ్చు.

ఇంకో నిర్ధారణ కూడా చేయండి. చీకటిగదిలో నీలి టార్చిని సీసాకు పక్కనుంచి కొట్టి, ఎర్ర ఫిల్టర్ గుండా చూడండి. పత్రహరితముంటే ద్రవం ఎర్రగా మెరుస్తుంది. ఆకు సీసా మెరుపు చూశాక గీత సీసాను చూస్తే దేనికోసం వెతకాలో కంటికి తెలుస్తుంది. ఆకు సీసా కూడా మెరవకపోతే తప్పు రాతిది కాదు, మీ టార్చిది లేదా ఫిల్టర్‌ది.

7. బతికే ఉందా?

ఆల్కహాల్ పరీక్ష రంగు గురించి చెబుతుంది, ప్రాణం గురించి చెప్పదు. దానికి రాయిని నేరుగా నీలికాంతిలో చూడాలి.

ముక్కను నీళ్లతో తడిపి, ఒక రోజు తడిగా, మామూలు వెలుతురులో ఉంచండి. ఎండి ఉన్న కణాలు వెంటనే మేలుకోవు. తర్వాత 20 నిమిషాలు కటిక చీకట్లో పెట్టండి. ఫోన్ కెమెరాను స్టాండ్ మీద బిగించి, ఫోకస్, ఎక్స్‌పోజర్ రెండూ చేత్తో స్థిరపరచి, లెన్స్ ముందు ఎర్ర ఫిల్టర్ పెట్టి వీడియో మొదలుపెట్టండి. అప్పుడు నీలి టార్చి వెలిగించండి.

బతికున్న శైవలమైతే ఎర్ర మెరుపు మొదట ఎక్కువగా ఉండి, కొన్ని సెకన్ల నుంచి ఒకటి రెండు నిమిషాల్లో తగ్గుతూ వస్తుంది. చీకట్లో ఆగిపోయిన కిరణజన్య సంయోగక్రియ మళ్లీ అందుకునేదాకా మింగలేని వెలుతురును ఇలా బయటికి వదులుతుంది. దీన్ని జర్మన్ రసాయన శాస్త్రవేత్త హాన్స్ కౌట్‌స్కీ 1931లో ఆకుల్లో కంటితోనే గమనించాడు. ఖనిజం మెరిస్తే ఆ మెరుపు మొదటి నుంచి చివరి దాకా ఒకేలా ఉంటుంది.

ఇక్కడ ఎక్కువగా జరిగే తప్పులు రెండు. ఒకటి, ఎక్స్‌పోజర్‌ను ఆటోలో వదిలేయడం. కెమెరా తనంతట తాను వెలుగు సర్దుతుంటే మెరుపు తగ్గిందో లేదో తెలియదు. రెండు, నీలి టార్చికి బదులు అతినీలలోహిత టార్చి వాడటం. మాంగనీసు కలిసిన కాల్సైట్ దాని కింద గులాబీ, నారింజ, ఎరుపు రంగుల్లో మెరుస్తుంది, సున్నపురాయిలో అది ఎక్కడైనా ఉండొచ్చు. లేజర్ మాత్రం ఏ రంగుదైనా వద్దు, తడిరాతి మీద పడి కంట్లోకి తిరిగొస్తుంది.

సైనోబ్యాక్టీరియా మెరుపు సహజంగానే మసక, తగ్గే తీరు కూడా ఆకులో ఉన్నంత స్పష్టంగా ఉండదు. కాబట్టి మెరుపు తగ్గితే బతికున్నట్టే, తగ్గకపోతే చచ్చిపోయినట్టు కాదు.

8. మైక్రోస్కోప్ ఉంటే

గీతను సూదితో గీరి, స్లైడ్ మీది నీటిచుక్కలో వేసి, పెద్ద రేణువులు ఏరేయండి. లేకపోతే పైఅద్దం ఏటవాలుగా నిలబడి ఏదీ ఫోకస్‌లోకి రాదు. సున్నపురాయి అయితే ముక్కను వెనిగర్‌లో నానబెడితే రాయి బుడగలతో కరిగి జీవులు మిగులుతాయి. డోలమైట్ మాత్రం పొడి చేస్తేనే, అదీ మెల్లగా కరుగుతుంది. ఆమ్లం కణాల రంగును మారుస్తుంది. ఆకారం చెడకుండా చూడాలంటే ఈడీటీఏ (కాల్షియాన్ని పట్టి రాతిని కరిగించే రసాయనం) ద్రావణం మెరుగు, కాకపోతే రోజులు పడుతుంది.

గుండ్రటి నీలిపచ్చ కణాలు ఒకే తొడుగులో మూటగా ఉండి, రంగు కణమంతా సమంగా పరుచుకుని ఉంటే సైనోబ్యాక్టీరియా. పొడి రాళ్లలో ఎక్కువగా చెప్పుకునే క్రూకాక్సిడియాప్సిస్ ఇలాగే ఉంటుంది. రంగు కణంలో ఒక మూలకో, నక్షత్రంలానో గడ్డకట్టి ఉంటే ఆకుపచ్చ శైవలం. చుట్టూ రంగులేని దారాలు అల్లుకుని ఉంటే లైకెన్. ఇంతవరకే చెప్పండి. ఆకారం చూసి జాతి పేరు రాయడం నిపుణులే మానేస్తున్న అలవాటు, దానికి డీఎన్‌ఏ చూడాలి.

పెంచి చూడాలనుకునేవాళ్లు సైనోబ్యాక్టీరియాకు బీజీ-11 అనే పోషక ద్రావణం వాడండి. మసక వెలుతురులో పెట్టండి, కిటికీ ఎండలో వద్దు. వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. నాలుగు రోజుల్లో సీసా పచ్చబడితే సంతోషించకండి, అది దాదాపు ఎప్పుడూ బయటి ముఖం మీంచి వచ్చిన చొరబాటుదారే. నిజమైనదే పెరిగినా, సీసాలో బాగా పెరిగింది రాతిలో ఎక్కువగా ఉన్నదేనని అనుకోకూడదు.

నమూనా దాచడం

ముక్కను గాలికి ఆరనిచ్చి కాగితపు కవర్లో, చీకటి చోట పెట్టండి. తడిగా ప్లాస్టిక్ సంచిలో మూటకడితే కొద్ది రోజుల్లో బూజు పడుతుంది, ఆపైన మీరు చూసేది బూజునే. ఎండటం వీటికి అలవాటే. అనుమతి ఇచ్చినవాళ్లకు అభ్యంతరం లేకపోతే మిగిలిన ముక్కలను తీసిన చోటే, బయటి ముఖం పైకి ఉండేలా పెట్టి రండి.

ఏమీ కనిపించకపోతే

అదే రాయిని ఇంకా లోతుగా కొట్టకండి. లోతులో వెలుతురు లేదు, గీత కూడా ఉండదు. అదే బండకు అవతలి ముఖం చూడండి. తర్వాత బండలోని వెంట్రుకవాసి పగుళ్ల లోపలి గోడలు చూడండి, ముఖ్యంగా పగులు మొదట్లో ఒకటి రెండు సెంటీమీటర్లు. వాన పడి రాయి సగం ఆరిన రోజున మళ్లీ వెళ్లండి, పొడిగా ఉన్నప్పుడు కనిపించని రంగు ఆరోజు బయటపడుతుంది. అప్పటికీ లేకపోతే రాయి మార్చండి, నీటి చుక్క పరీక్షతో మళ్లీ మొదలుపెట్టండి.